ఎడారిలో విజ్ఞానసౌధము

సౌదీ అరేబియా తూర్పుభాగమున, పర్షియా సింధుశాఖకు చేరువలో దహ్రాన్ అను పట్టణము కలదు. పూర్వమచ్చట ఇసుకయు, రాతిగుట్టలును దక్క వేరొండు కానరాకుండెను. 1933 తరువాత ఖనిజతైలమునకై అక్కడ బావులు త్రవ్వ నారంభించిరి. మొదటి ఆరు బావులును ఆశించిన ఫలము నీయలేదు. అయినను శాస్త్రజ్ఞులు పట్టు విడువక 1936లో ఏడవ బావిని మొదలుపెట్టిరి. 1938 మార్చిలో, సుమారు ఒకటిన్నర కిలోమీటర్ల లోతున, తైలము సమృద్ధిగా లభించెను. నాటినుండి ఆ దేశపు దశ మారినది.

ఆ బావికి చేరువనే నేడొక వింత కట్టడము కలదు. దాని పేరు ఇథ్రా. అరబ్బీ భాషలో ఈ మాటకు సుసంపన్నము చేయుట అని అర్థము. దీనిని అరాంకో అను తైలసంస్థ కట్టించెను. నార్వే దేశపు స్నోహెట్టా సంస్థకు చెందిన వాస్తుశిల్పులు దీని రూపమును కల్పించిరి. 2008లో శంకుస్థాపనము, 2016లో ప్రారంభోత్సవము జరిగెను. 2018 నుండి ప్రజలు దీనిని దర్శించుచున్నారు.

దూరమునుండి చూచువారికి, ఎవరో పెద్ద గులకరాళ్లను ఒకదాని కొకటి ఆనించి నిలిపినట్లు తోచును. అందొకటి గోపురమువలె ఆకాశమునకు లేచినది. రాళ్ల నడుమ ఒక చిన్నరాయి నేలనంటక ఇమిడియున్నది. కమానునకు నడిమిరాయి యెట్లో, ఈ కట్టడమునకు అది యట్లు.

దగ్గరకు పోయినచో గోడలను తుప్పుపట్టని ఉక్కుగొట్టములు వరుసలుగా చుట్టియుండుట కానవచ్చును. వానినన్నిటిని చేర్చి కొలిచినచో పొడవు సుమారు 350 కిలోమీటర్లగును. కట్టడపు ఒంపులను బట్టి గొట్టములను వేరువేరుగా వంచవలసివచ్చెను. మండుటెండ నేరుగా గోడలను తాకకుండ ఇవి అడ్డుకొనును. కిటికీలున్నచోట గొట్టములను నొక్కి పలుచన చేసిరి. ఆ సందులనుండి వెలుతురు లోనికి వచ్చును.

లోపల కొన్ని గోడలను మట్టిని పొరలుపొరలుగా పోసి, దిమ్మిసకొట్టి నిలిపిరి. మట్టితో ఇండ్లు కట్టుకొనుట ఆ దేశమున ప్రాచీనమైన వాడుక. నేలమట్టమునకు దిగువనున్న ప్రదర్శనశాలలు గతించిన కాలమును తెలుపును. పైన గ్రంథాలయము, నాటకశాల, చలనచిత్రశాల, బాలల ప్రదర్శనశాల కలవు. గోపురమున యువకులకు కొత్త విద్యలు నేర్పుదురు. ఈ విధముగా సందర్శకుడు క్రిందినుండి పైకి పోవుచు, గతమునుండి భవిష్యత్తునకు నడచును.

నలువది సంవత్సరములకు పైగా తైలమిచ్చిన ఆ ఏడవ బావి పని 1982లో నిలిచిపోయినది. భూగర్భమందలి ధనము ఎంతటిదైనను తోడిన కొలది తరుగును. ఆ ధనము చేతనున్నపుడే కొంత విద్యకై వెచ్చించుట దూరదృష్టి. పాతబావి చెంతనే ఇపుడు బాలబాలికలు పుస్తకములు తెరచి చదువుకొనుచున్నారు. వారు తోడుకొను ఊట తరుగునది కాదు.