చెరువు గట్టుకు ఏ మొక్క మేలు?
గాలికి లేచే అలలు చెరువు గట్టును కొద్దికొద్దిగా కోసేయడం మీరు చూసే ఉంటారు. త్వరగా పెరుగుతుంది కదా అని అక్కడ లొట్టపీసు నాటకండి. అమెరికా ఖండం నుంచి వచ్చిన ఈ మొక్క కాలువలను పూడుస్తుంది. తింటే మేకలకు విషం.

నీటి అంచున తుంగ, జమ్ము ఉంటే అలల జోరు తగ్గుతుంది. గట్టు వాలుపై వట్టివేరు నాటండి. దాని వేళ్లు 2 నుంచి 3 మీటర్ల లోతుకు నిటారుగా దిగి మట్టిని పట్టి ఉంచుతాయి.

పెద్ద చెట్లు మాత్రం గట్టు మీద వద్దు. అవి చచ్చాక, కుళ్లిన వేళ్ల సందుల్లోంచి నీరు కారి గట్టు బలహీనపడుతుంది. చెరువు లోపలి మెరకలో కడప చెట్లు పెంచండి. కొన్ని నెలలు నీట నిలిచినా అవి బతుకుతాయి. తిరుపతి జిల్లా నేలపట్టు చెరువులో గూడబాతులు, అంటే పెలికన్లు, గూళ్లు కట్టేది ఈ చెట్ల మీదే.