మామూ పంపిన క్యాలిక్యులేటర్ పరీక్షకు పనికొస్తుందా?

కరీంనగర్, జగిత్యాల, నిర్మల్, ఆదిలాబాద్ వైపు చాలా ఇళ్లలో ఒకరైనా గల్ఫ్‌లోనో అమెరికాలోనో ఉంటారు. సెలవుల్లో వచ్చేటప్పుడు చాక్లెట్లు, అత్తరుతో పాటు అక్కడి పిల్లలు వాడి వదిలేసిన గ్రాఫింగ్ క్యాలిక్యులేటర్ కూడా తెస్తుంటారు. టీఐ-84 ప్లస్ సీఈ లాంటివి కొత్తవైతే వంద డాలర్ల పైమాటే. దాన్ని చూసి పిల్లలు మురిసిపోతారు. పరీక్ష హాల్‌కు తీసుకుపోవచ్చా అన్నది మాత్రం ఎవరూ అడగరు.

మన దగ్గరి పరీక్షల సంగతి రెండు మాటల్లో తేలిపోతుంది. ఈఏపీసెట్, జేఈఈ మెయిన్, నీట్‌లకు ఏ క్యాలిక్యులేటరూ పనికిరాదు. గేట్‌లో తెరమీదే ఒకటి కనిపిస్తుంది, చేతిది లోపలికి రానివ్వరు. ఇంజినీరింగ్ కాలేజీ పరీక్షల్లో మామూలుగా ప్రోగ్రామ్ చేయలేని సైంటిఫిక్ క్యాలిక్యులేటర్ చాలు. అక్కడ గ్రాఫింగ్‌ది బయటికి తీస్తే మంచి ఉద్దేశంతో తెచ్చినా మాల్‌ప్రాక్టీస్ కింద అనుమానం వస్తుంది.

అసలు చిక్కు శాట్ రాసేవాళ్లకు, గల్ఫ్‌లో ఐబీ సిలబస్ చదివే పిల్లలకు. ఐబీ గణితంలో గ్రాఫింగ్ క్యాలిక్యులేటర్ ఉండాల్సిందే, అది కూడా పరీక్ష మోడ్‌లో. శాట్‌లో డెస్మోస్ తెరమీదే ఉంటుంది, సొంతది కూడా తెచ్చుకోవచ్చు. కానీ 2025 ఆగస్టు నుంచి సీఏఎస్ ఉన్నవాటిని, అంటే బీజగణిత సమీకరణాలను అక్షరాలతోనే సాధించేవాటిని, శాట్‌లో ఆపేశారు. టీఐ-ఎన్‌స్పైర్ సీఎక్స్ టూ, సీఎక్స్ టూ సీఏఎస్ రెండూ చూడటానికి దాదాపు ఒకేలా ఉంటాయి. ఆ మూడు అక్షరాలు పైన ఉన్నాయా లేదా చూసుకోండి.

ఇక పరీక్ష మోడ్ అంటే ఏమిటి? అది పెట్టగానే లోపల దాచుకున్న ప్రోగ్రాములు, నోట్సు, ఫార్ములాలు అందకుండా పోతాయి. ఫ్రాన్స్‌లో బాకలోరియా పరీక్షకు మెమరీ ఉన్న క్యాలిక్యులేటర్ తెస్తే ఈ మోడ్ తప్పనిసరి. చాలా మోడళ్లలో చిన్న లైటు మెరుస్తుంది, ఇన్విజిలేటర్ దూరం నుంచే గుర్తుపడతాడు.

లైటును వెలిగించేది కూడా లోపలి సాఫ్ట్‌వేరే గదా! సాఫ్ట్‌వేర్‌నే మార్చేస్తే లైటు మెరుస్తూనే ఉంటుంది, లోపల నోట్సూ తెరుచుకుంటుంది. కంపెనీల భయం అంతా ఇదే. అందుకే తమ డిజిటల్ సంతకం లేని ఆపరేటింగ్ సిస్టమ్‌ను క్యాలిక్యులేటర్ ఒప్పుకోకుండా తయారుచేస్తారు. 2009లో ఒక అభిమాని టీఐ-83 ప్లస్ సంతకానికి వాడిన 512 బిట్ల తాళాన్ని మామూలు కంప్యూటర్‌తో రెండు నెలలకు పైగా లెక్కలు నడిపించి విప్పేశాడు. టెక్సాస్ ఇన్‌స్ట్రుమెంట్స్ లీగల్ నోటీసులు పంపింది. 2020లో అదే కంపెనీ పరీక్షల భద్రత కోసమంటూ టీఐ-84 ప్లస్ సీఈలో బయటివాళ్లు సీ భాషలో, అసెంబ్లీలో రాసిన ప్రోగ్రాములు నడవకుండా చేసింది. ఆ తర్వాత వాటిని మళ్లీ నడిపించే ఉపాయం అభిమానులు కనిపెట్టేశారు. నమ్‌వర్క్స్ అనే ఫ్రెంచ్ కంపెనీ మొదట తన కోడ్‌ను అందరికీ చూపించింది. దాని మీద ఒమేగా అనే మార్పు చేసిన సాఫ్ట్‌వేర్ పుట్టింది. 2021లో కంపెనీ తలుపులు బిగించింది.

నా ఉద్దేశంలో ఇలాంటివి ఎక్కించుకునే పిల్లల్లో చాలామంది కాపీ కొట్టడానికి కాదు, ఆటలు ఆడటానికో, లోపల ఏముందో తెలుసుకోవడానికో ఎక్కించుకుంటారు. ఇలాంటి పిల్లలే రేపు మంచి ఇంజినీర్లు అవుతారు. వాళ్లను తిట్టకండి. కానీ పరీక్ష అధికారికి వాళ్ల మనసు కనిపించదు, చేతిలోని వస్తువు కనిపిస్తుంది. 2016లో ఎంసెట్-2 పేపర్ లీకై, ఏ పాపం తెలియని పిల్లలు కూడా మళ్లీ రాయాల్సి వచ్చింది. ఆ తర్వాత హాల్లో ఎవరూ ఎవరినీ తేలిగ్గా నమ్మరు.

కాబట్టి సెకండ్ హ్యాండ్‌లో వచ్చినదైతే, అది ముందు ఎవరి చేతిలో ఉందో మీకు తెలియదు. లోపల ఏం ఎక్కించారో మామూకు కూడా తెలిసి ఉండదు. కంపెనీ వెబ్‌సైట్ నుంచి అసలు సాఫ్ట్‌వేర్ దింపుకుని కేబుల్‌తో ఎక్కించాలి. అవసరమైన ఫైళ్లు ముందే కంప్యూటర్‌లో దాచుకోవాలి, ఎందుకంటే ఇందులో మెమరీ చెరిగిపోవచ్చు. తర్వాత పరీక్ష మోడ్ పెట్టి చూడాలి. టీఐ మోడళ్లలో ఆ మోడ్ నుంచి బయటికి రావాలంటే కంప్యూటర్‌కో ఇంకో క్యాలిక్యులేటర్‌కో కేబుల్ కలపాల్సి వస్తుంది. కేబుల్ పోగొట్టుకున్న ఇళ్లు మస్తు ఉన్నాయి. పరీక్ష ముందురోజు రాత్రి కాదు, పదిహేను రోజుల ముందే ఈ పని చేయించండి.