రాయికి తారుకన్నా నీరే ఇష్టం

వానలకు గుంత పడ్డ తారు రోడ్డు పక్కన రాలిన కంకర రాయిని తీసి చూస్తే, తరచూ దాని ఒక ముఖం కడిగినట్టు బోడిగా ఉంటుంది. తారు మధ్యలో తెగలేదు, రాతి మీదినుంచే ఊడిందన్నమాట. హైదరాబాదు చుట్టుపక్కల క్వారీల్లో దొరికేది ఎక్కువగా గ్రానైటు. అందులో సిలికా పాలు ఎక్కువ. సిలికా ఉపరితలం నీటి అణువులను హైడ్రోజన్ బంధాలతో గట్టిగా పట్టుకుంటుంది. నూనె జాతిదైన తారుకు అంత పట్టు దొరకదు. సన్నటి సందు దొరికితే చాలు, నీరు తారు పొర కిందికి పాకుతుంది. లారీ చక్రాలు ఆ నీటిని ఒత్తి, పీల్చి మిగతా పని కానిస్తాయి. సున్నపురాయి ఈ విషయంలో మెరుగే గానీ, ప్రతి రోడ్డుకీ దాన్ని దూరం నుంచి మోసుకురాలేం.

రాయిని మార్చలేనప్పుడు దాని ఉపరితలాన్నే మార్చాలి. తారులో కలిపే అమైన్ సర్ఫాక్టెంట్ల పని అదే. అణువు తల ధనావేశంతో, రుణావేశమున్న సిలికాకు అతుక్కుంటుంది. తోకగా ఉన్న కొవ్వు గొలుసు తారులో కలిసిపోతుంది. మోతాదు సాధారణంగా తారు బరువులో అర శాతం లోపే. జిడ్డు వదిలించే సబ్బు కూడా సర్ఫాక్టెంటే కదా, అది తారును అతికించడమేమిటని అడగవచ్చు. సబ్బు తలది రుణావేశం, అమైన్ తలది ధనావేశం; తేడా అక్కడుంది. అయినా ఆ అనుమానం పూర్తిగా తప్పు కాదు. మోతాదు మించితే నీరు తారులోకే చొరబడి ఎమల్షన్ అయ్యే ప్రమాదముంది.

తారు తన పగుళ్లను కొంతవరకు తానే మాన్పుకుంటుంది. బండ్ల రద్దీ తగ్గిన వేళ, ఎండ వేడికి, వెంట్రుకవాసి పగులు అంచులు తాకి, అణువులు అటూఇటూ కలిసి మూసుకుంటాయి. మధ్యలో నీటి పొర ఉంటే ఆ తాకిడే జరగదు. నెదర్లాండ్స్‌లో 2010లో ఏ58 మోటార్‌వే మీద ఉక్కు పీచు కలిపిన తారు పొర వేశారు. ఇండక్షన్‌తో వేడిచేసి పగుళ్లు పూడ్చాలన్నది ఆలోచన. వేడి తారును పారేలా చేస్తుంది సరే, బోడి రాయి మళ్లీ దాన్ని అంటనిస్తుందా? సర్ఫాక్టెంటు అవసరం ఇక్కడే ఎక్కువని నా అభిప్రాయం.

నీరు నిలవకుండా కాల్వలు తవ్వితే ఈ మందులెందుకనే వాదనలో బలముంది. కాల్వలు లేనిచోట ఏ అమైన్ కూడా రోడ్డును కాపాడదు. కానీ కాల్వలున్నా వాన కురిసినంతసేపూ రోడ్డు తడుస్తూనే ఉంటుంది. నాకు అమైన్ పనిచేస్తుందో లేదో తేల్చే పరీక్షల మీదే ఎక్కువ అనుమానం. తారు పట్టించిన కంకరను నీటిలో నానబెట్టి, ఎంత ఊడిందో కంటితో అంచనా వేసే పద్ధతిలో చక్రాల ఒత్తిడి ఊసే లేదు. తారు-కంకర మిశ్రమంతో చేసిన తడి దిమ్మెకూ పొడి దిమ్మెకూ తన్యతా బలం పోల్చే పరీక్ష నయం. అమైన్లలో కొన్ని వేడి ట్యాంకులో రోజుల తరబడి ఉంటే సత్తువ కోల్పోతాయి కాబట్టి, నమూనా ప్రయోగశాలలో కలిపింది కాకుండా ప్లాంటు నుంచి తీసిందై ఉండాలి.