పోర్ట్ బ్లెయిర్ శివార్లలో ఎత్తును ఎక్కడి నుంచి కొలవాలి?

2001–2011 మధ్య అండమాన్ నికోబార్ దీవుల జనాభా ఏడు శాతం కూడా పెరగలేదు. సునామీ దెబ్బ తిన్న నికోబార్ జిల్లాలో 42 వేల నుంచి 37 వేల లోపుకు పడిపోయింది. ఉత్తర, మధ్య అండమాన్‌ లెక్క దాదాపు కదలనే లేదు. పెరిగిందల్లా పోర్ట్ బ్లెయిర్ ఉన్న దక్షిణ అండమాన్ జిల్లాయే: 2,08,471 నుంచి 2,38,142కు. ఈ ఊరికి 2024లో శ్రీ విజయపురం అని పేరు మార్చారు. ఊరి శివార్లలోని గరాచర్మ, ప్రోత్రాపూర్, ఖాడీకి అవతలి బంబూఫ్లాట్ జనగణనలో పట్టణాలుగా నమోదయ్యాయి.

ఇది మనకు దూరపు కబురేమీ కాదు. దీవుల్లో సుమారు 13 శాతం మందికి మాతృభాష తెలుగే. శ్రీకాకుళం, విశాఖ వైపు నుంచి ఓడెక్కి వెళ్లిన కుటుంబాలు చాలా ఉన్నాయి. జంగ్లీఘాట్ రేవులో తెలుగు మత్స్యకారులది పాత కాపురం.

దీవుల్లో ఎనభై శాతానికి పైగా అడవే. మిగిలిన చోట కొండవాలు లేదా ఖాడీల పక్కన చదును నేల. వాలు మీద పునాదికి ఖర్చెక్కువ, కాబట్టి కన్ను సహజంగానే చదును మీద పడుతుంది. చిక్కు అక్కడే ఉంది.

2004 డిసెంబరు 26న పోర్ట్ బ్లెయిర్ ప్రాంతం నిమిషాల్లో దాదాపు ఒక మీటరు కుంగింది. సముద్రాలు ఇప్పుడు పెరుగుతున్న వేగంతో, అంటే ఏడాదికి మూడు నాలుగు మిల్లీమీటర్ల చొప్పున, ఆ మీటరు రావడానికి రెండున్నర శతాబ్దాలకు పైగా పడుతుంది. ఇక్కడ పెద్ద పోటుకూ పాటుకూ మధ్య తేడా రెండు మీటర్ల వరకు ఉంటుంది. అందులో సగం ఎత్తును నేల ఒక్కసారిగా కోల్పోయిందన్నమాట. సిప్పీఘాట్ దగ్గర వరిమళ్లలోకి పోటు నీరు ఎక్కింది. సునామీ అల వెనక్కి వెళ్లింది కానీ పోటు మాత్రం రోజుకు రెండుసార్లు వస్తూనే ఉంది. కొన్ని మళ్లలో ఇప్పుడు మడచెట్లు మొలిచాయి.

ఎందుకు కుంగింది? ప్లాస్టిక్ స్కేలును రెండు చివర్లా లోపలికి నొక్కితే నడుము పైకి ఉబ్బుతుంది, వదిలేస్తే చదునవుతుంది. అండమాన్ కింద భారత పలక పడమటి నుంచి దూరుతోంది. పలకలు ఇరుక్కున్నంత కాలం పైపలక అంచు కిందికి లాగబడుతుంది, వెనక భాగం మెల్లగా ఉబ్బుతుంది. పట్టు వదలగానే అంచు ఎగసింది, వెనక భాగం దిగింది. అందుకే ఉత్తర అండమాన్ పడమటి తీరంలో పగడపు దిబ్బలు నీటి పైకి తేలితే, తూర్పున పోర్ట్ బ్లెయిర్ మునిగింది. ఆ తర్వాతి జీపీఎస్ కొలతల్లో ఇక్కడి నేల నిదానంగా మళ్లీ లేస్తున్నట్టు కనిపించింది.

అంటే ఇక్కడ ఎత్తు స్థిరమైన అంకె కాదు. రేవులో బిగించిన పోటు కొలమానం కూడా నేలతో పాటే దిగుతుంది, కాబట్టి దానికి సముద్రమే పెరిగినట్టు కనిపిస్తుంది. సర్వే రాయి కథా అంతే. తీరం నుంచి ఇంత దూరంలోనే కట్టాలన్న నిబంధనను గరిష్ఠ పోటు రేఖ నుంచి కొలుస్తారు. ఆ రేఖే జరిగినప్పుడు పాత పటం మీద ఇచ్చిన అనుమతికి విలువెంత? నన్నడిగితే, ఇక్కడి శివార్లకు ముందుగా కావలసింది కొత్త లేఅవుట్లు కావు, 2004 తర్వాతి కొలతలతో, తేదీ వేసిన ఎత్తుల పటం.

నీటి సంగతి వేరే. ఏటా మూడు వేల మిల్లీమీటర్ల వాన పడుతుంది, కానీ నిలవదు. ధనీఖాడీ జలాశయం మీద ఆధారపడ్డ ఊరికి వేసవిలో కుళాయి నీళ్లు రోజూ రావు.

ఇక ఇల్లు. దీవులన్నీ భూకంప ముప్పు అత్యధికంగా ఉన్న ఐదో జోన్‌లో ఉన్నాయి. పాత చెక్క ఇళ్లు తేలిక, ఊగినా నిలిచేవి. ఇప్పుడన్నీ కాంక్రీటే. తీరపు ఇసుక తవ్వకంపై 2002లో సుప్రీంకోర్టు ఆంక్షలు పెట్టింది. అసలే కొరతైన ఇసుకను కడగకుండా వాడితే అందులోని ఉప్పు లోపలి ఇనుమును తినేస్తుంది. కింది అంతస్తును గోడల్లేకుండా స్తంభాల మీద వదిలేస్తే పోటు నీటికి దారి దొరుకుతుంది గానీ, భూకంపంలో ముందుగా విరిగేవి ఆ స్తంభాలే. స్తంభాల మధ్య అడ్డగోడలో, ఏటవాలు బిగింపులో పెట్టించాలి. స్థలం కొనేవారు పోటు వేళకు, అందులోనూ అమావాస్య, పున్నమి తర్వాతి రోజుల్లో వెళ్లి చూడాలి. నీరు ఎంత దాకా ఎక్కుతుందో కాగితం కంటే కాలువ గట్టు సరిగ్గా చెబుతుంది.