అట్ట వెనుక పేజీ

వారపత్రిక తెప్పించుకునే సంసారాల్లో ఒకప్పుడు బైండింగు అనే వ్యవహారం ఒకటి వుండేది. సీరియల్ ముగిసిందంటే చాలు, ఇల్లాలు ఆ భాగాలన్నీ వరసగా చించి, పేర్చి, బజారులో బైండు చేసేవాడి చేతికి ఇచ్చేది. అతను చేసే మొదటి పని అట్టలు ఊడబెరకడం. రెండో పని, కథ లేని కాగితాలు అవతల పారెయ్యడం. అలా పారేసిన కాగితాలంటేనే నాకు ప్రాణం.

పాత పత్రికల్లోని ప్రకటనలు పోగు చెయ్యడం నా అలవాటు. తెలుగు పాఠం చెప్పేవాడు తాళపత్రాలు పోగు చేస్తే లోకం మెచ్చుకుంటుంది గాని, తలనొప్పి మందుల ప్రకటనలు దాచుకుంటే ఇంట్లోవాళ్లు కూడా అదోలా చూస్తారు. చిత్తూరులో నేను తరచు వెళ్లే గుజిరీ అంగడి పెద్దాయన మాత్రం ఏమీ అనుకోడు. "ఏమయివారూ, ఈ తూరి గూడా కతలొద్దా? అట్టలే చాలునా?" అంటూ కాటా మీద వేస్తాడు. కథకైనా, అట్టకైనా ఆయన దగ్గర కిలో ధర ఒకటే.

నిజానికి మన పత్రికల్లో కథలకు అన్నం పెట్టింది ఆ ప్రకటనలే. కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు 1893లో బొంబాయిలో అమృతాంజనం మొదలుపెట్టారు. సంగీత కచేరీల్లో ఊరికే పంచి దాన్ని జనానికి అలవాటు చేశారు. ఆ పచ్చని మందు తెచ్చిన డబ్బు అండతోనే 1908లో ఆంధ్రపత్రిక వారపత్రికగా పుట్టింది. 1914లో మద్రాసు చేరి దినపత్రిక అయింది. 1924లో భారతి వచ్చింది. డాక్టర్ కె.ఎన్. కేసరిగారి సంగతీ అంతే. ఒక చేత్తో స్త్రీల మందు లోధ్ర అమ్మారు, రెండో చేత్తో 1928లో గృహలక్ష్మి పత్రిక పెట్టారు. మన సాహిత్య చరిత్రలు పత్రికల పేర్లు చెప్పి, మందుసీసాల పేర్లు వదిలేస్తాయి. అది నాకు న్యాయంగా తోచదు.

భాషకు సంబంధించి ఒక చిన్న ముచ్చట. కథల్లో వాడుక భాష గెలిచి ఎన్నాళ్లో అయిన తరువాత కూడా ప్రకటనల్లో "అన్ని షాపులలో దొరకును" అనే వాక్యం చెక్కుచెదరలేదు. "దొరుకుతుంది" అంటే సరుకు మీద నమ్మకం తగ్గుతుందనుకున్నారు కాబోలు! గ్రాంథికం చివరికి తలదాచుకున్నది సబ్బులపెట్టె చాటున.

మా చిత్తూరువాళ్లకు ఇందులో ఒక సౌకర్యం వుంది. ఇక్కడ చాలా ఇళ్లల్లో రెండు భాషలూ చదువుతారు. చందమామ, దాని తమిళ జంట అంబులిమామ రెండూ 1947 జూలైలోనే మొదలయ్యాయి గదా, ఒకే ఇంటి అటక మీద రెండూ దొరుకుతాయి. బొమ్మ ఒక్కటే, కింద అక్షరాలు మాత్రం వేరు. అదే పిల్లవాడు, అదే నవ్వు. ఒకచోట తెలుగులో, ఒకచోట తమిళంలో మిఠాయి అడుగుతుంటాడు. ఆ మిఠాయి మా వూరిదే కావడం మరో ముచ్చట. బి. వెంకటరామరెడ్డిగారు 1952లో చిత్తూరులో న్యూట్రిన్ కంపెనీ పెట్టారు. 2006లో దాన్ని గోద్రెజ్ సంస్థ కొనుక్కుంది. చందమామలో న్యూట్రిన్ ప్రకటన కనిపిస్తే మా వూరి పిల్లలకు, మనవాళ్ల ఫోటో పత్రికలో పడ్డట్టుండేది.

ఇక నా సేకరణలో నేను ప్రత్యేకంగా ఒక అరలో దాచుకున్నవి ఆటగాళ్ల ప్రకటనలు. ఈ పిచ్చి మనకొక్కరికే లేదు. అమెరికాలో బేస్‌బాల్ ఆటగాళ్ల బొమ్మల అట్టముక్కలు మొదట సిగరెట్టు పెట్టెల్లో, తరువాత చూయింగ్ గమ్ పొట్లాల్లో వచ్చాయి. 1952లో టాప్స్ అనే గమ్ కంపెనీ వేసిన మికీ మాంటిల్ బొమ్మ ఒకటి 2022 ఆగస్టులో కోటీ ఇరవై ఆరు లక్షల డాలర్లకు, అంటే సుమారు నూరు కోట్ల రూపాయలకు, వేలంలో పోయింది. అప్పుడు అమ్ముడుపోక మిగిలిన బొమ్మలను పడవలో తీసుకుపోయి సముద్రంలో పారబోయించానని ఆ కంపెనీ ఉద్యోగి సై బెర్గర్ తరువాత చెప్పేవాడు. అక్కడ ఆ బొమ్మలనే కాదు, బొమ్మలు కొనమని వేసిన పాత ప్రకటనల కాగితాలను కూడా వెతికి వెతికి దాచుకునేవాళ్లున్నారు.

మన ఆట క్రికెట్టు. మన దేశంలో ఒక సరుకుకు పేరు అరువిచ్చిన మొదటి క్రికెట్ ఆటగాడు ఎవరనుకున్నారు? మన తెలుగాయనే. కర్నల్ సి.కె. నాయుడుగారు. నాగపూరులో 1895లో తెలుగు కుటుంబంలో పుట్టి, 1926లో బొంబాయి జింఖానా మైదానంలో ఇంగ్లండు నుంచి వచ్చిన ఎం.సి.సి. జట్టు మీద పదకొండు సిక్సర్లతో 153 పరుగులు దంచి, 1932లో లార్డ్స్ మైదానంలో భారతదేశపు మొదటి టెస్టుకు నాయకత్వం వహించిన మనిషి. 1941లో ఆయన బాత్‌గేట్ లివర్ టానిక్ ప్రకటనకు ఒప్పుకున్నారు. అప్పటికి ఆయన వయస్సు నలభై అయిదు. ఆ తరువాత అరవై ఒకటో యేట కూడా రంజీ ట్రోఫీ ఆడారు. అది టానిక్కు మహిమో, ఆయన ఒంటి మహిమో ఎవరికి వారు తేల్చుకోవలసిందే.

నా అరలో ఆ ఒక్క కాగితమే లేదు. ఆయన వెనుక వచ్చినవాళ్లు మాత్రం చాలామంది వున్నారు. బ్రిల్‌క్రీమ్ రాసుకుని తల దువ్వుకున్న ఫరూఖ్ ఇంజనీరు, సూటింగ్ బట్టల్లో గవాస్కర్, గడ్డం గీసుకునే క్రీము పట్టుకున్న కపిల్‌దేవ్. 1980లలో బిగ్ ఫన్ బబుల్ గమ్ పొట్లాల్లో పరుగులు, వికెట్లు వేసిన కాగితాలు వచ్చేవి. అవి కూడబెట్టి బహుమతి తెచ్చుకోవాలని పిల్లలు దవడలు నొప్పిపుట్టేదాకా నమిలారు.

ఇటువంటి బహుమతి ప్రకటనలు చిరగకుండా దొరకడం చాలా కష్టం. వాటి మూలన చుక్కల గీతతో ఒక కూపను వుంటుంది. అది కత్తిరించి పంపితేనే బహుమతి. అంటే, ప్రకటన బాగా పనిచేసిందంటే కాగితానికి చిల్లు పడ్డట్టే లెక్క. నిండుగా దొరికిన ప్రకటన, ఏ పిల్లవాడి మనసూ కరిగించలేని ప్రకటన!

కొన్నేళ్ల కిందట మా వూళ్లోనే ఒక పెద్దావిడ తన తల్లిగారి బైండు పుస్తకాలు చూడమని నన్ను పిలిచారు. నాలుగు సీరియళ్లు, కాలికో గుడ్డ అతికిన అట్టలు. తిరగేస్తుంటే ఒక భాగంలో పేజీకి కింది మూల చతురస్రంగా చిల్లు. చిల్లు వెనుక తెల్ల కాగితం అతికించి, దాని మీద ముత్యాల్లాంటి అక్షరాలతో ఏడు పంక్తులు సిరాతో రాసివున్నాయి. పేజీ తిప్పితే అసలు సంగతి తెలిసింది. అవతలి వైపు ఒక బలవర్ధక పానీయం ప్రకటన. ఆటగాళ్ల బొమ్మల ఆల్బం కోసం ఎవరో కూపను కత్తిరించారు.

"మా తమ్ముడే నాయనా," అన్నారావిడ. "అమ్మ ఇంకా ఆ వారం చదవనే లేదు. వాణ్ణి కొట్టిందో లేదో జ్ఞాపకం లేదు గాని, పక్కింటివాళ్ల పత్రిక అడిగి తెచ్చి, పోయిన పంక్తులు రాసి అతికించింది. ఆల్బం వచ్చింది. బొమ్మలు అంటించింది కూడా అమ్మే. మైదాపిండి జిగురుతో."

ఆ పేజీ ఇవ్వమని నేను అడగలేదు. నాలుగు ఫోటోలు తీసుకుని, పుస్తకం ఆవిడ ఒళ్లోనే పెట్టి వచ్చేశాను. ఆ ఏడు పంక్తులు లేకపోతే ప్రకటనకు, ఆ చిల్లు లేకపోతే పంక్తులకు విలువేమున్నది?

ఇప్పుడు వ్యాపారం మరో దారి పట్టింది. మద్రాసులో పాత పుస్తకాల అంగళ్లుండిన మూర్ మార్కెట్టు 1985 మే నెలలో తగలబడిపోయింది. అప్పట్లో అటువంటి చోట్ల సంచిక సంచికగానే అమ్మేవారు. ఈనాటి వర్తకులు కొందరు సంచికను బ్లేడుతో విడదీసి, ఒక్కో ప్రకటనకు ఫ్రేము కట్టి, కాఫీ హోటళ్ల గోడలకు అమ్ముతున్నారు. ఒక సంచిక పది ఫ్రేములవుతుంది. మిగిలిన కథల భాగం కాటాకు పోతుంది. తారీఖు వున్న కాగితం దానితోనే పోతుంది గనుక, గోడ మీది బొమ్మ ఏ యేటిదో చెప్పే దిక్కుండదు. ఆ మధ్య ఒక వర్తకుడు ఒక అట్ట చూపించి, "సార్, కావాలంటే ఇదొక్కటే కోసి సగం ధరకిస్తా" అన్నాడు. మొత్తం సంచిక కొనుక్కువచ్చాను. ఆ నెల మా ఇంట్లో దాని మీద కొంత చర్చ జరిగిన మాట వాస్తవం.

కంప్యూటర్లలో పాత పత్రికలు ఎక్కించేవారికి మనం రుణపడి వున్నాం. అయినా నేను చూసినవాటిలో చాలామటుకు బైండు పుస్తకాల నుంచి తీసినవి. ప్రకటనలు అప్పటికే బైండరు పారేశాడు. పోనీ కాగితాలైనా నిలుస్తాయా అంటే, న్యూస్‌ప్రింటు కొయ్యగుజ్జుతో చేసింది. అందులోని లిగ్నిన్ వెలుతురు తగిలి పసుపెక్కుతుంది, ఆమ్లం పుట్టి అప్పడంలా విరుగుతుంది. తుప్పు పట్టిన పిన్ను తన చుట్టూ వున్న కాగితాన్ని కూడా తినేస్తుంది.

మీ అటక మీద అటువంటి కట్టలుంటే గుజిరీకి వేసేముందు ఒక్కసారి సీరియల్ పేజీల వెనుకవైపు చూడండి. పిన్నులు మెల్లగా తీసెయ్యండి. సెల్లోటేపు మాత్రం అంటించవద్దు. అది చేసే మేలు కంటె కీడు ఎక్కువ. ఎండ తగలనిచోట బల్లపరుపుగా పడుకోబెట్టండి. అట్ట ఊడి విడిగా వుంటే, వెనుక ఒక మూల పెన్సిలుతో నెల, సంవత్సరం రాసిపెట్టండి. 1941 నాటి పత్రికలో బ్యాటు పట్టిన ఒక పొడగరి, పక్కన టానిక్కు సీసా కనిపిస్తే మాత్రం కత్తెర దూరంగా పెట్టి, సంచిక అంతా అట్లాగే దాచండి.