ఫాంక్ నడుముకు తెల్లపట్టీ

హంగరీలో జనవరి వచ్చిందంటే మిఠాయి దుకాణాల అద్దాల వెనక ఫాంక్‌లు వరసలు తీరతాయి. చూడ్డానికి మన బన్నులాంటివి. పైనా కిందా రాగిరంగు, నడుము చుట్టూ మాత్రం వేలి వెడల్పున మీగడరంగు పట్టీ. హంగేరియన్‌లో ‘సలగ్’ అంటే రిబ్బను. ఆ పట్టీ ఉన్నందుకే దీన్ని ‘సలగోష్ ఫాంక్’ అంటారు. పైన పొడిచక్కెర జల్లి, మధ్య గుంటలో ఆప్రికాట్ జామ్ వేసి తింటారు. ఆప్రికాట్ అంటే హైదరాబాదు వాళ్లు ఖుబానీ కా మీఠాలో వేసే పండే. పట్టీ పడని ఫాంక్ ఎంత రుచిగా ఉన్నా వండినవాళ్లకు నామోషీయే. చాలామంది దాన్ని అలంకారం అనుకుంటారు. నా లెక్కలో అది అలంకారం కాదు, కొలత. పిండి ఎంత తేలికపడిందో కొవ్వు స్వయంగా కొలిచి గీసిన గీత. ఫాంక్ పండుగ వంట ఎందుకయిందన్న ప్రశ్నకు జవాబు కూడా చాలావరకు ఆ గీత దగ్గరే దొరుకుతుంది.

తేలే వస్తువు ద్రవంలో ఎంత మేర మునుగుతుందన్నది రెండింటి సాంద్రతల నిష్పత్తిని బట్టి ఉంటుంది. ఆర్కిమెడిస్ చెప్పిన సంగతే. వంట వేడి మీదున్న కొవ్వు సాంద్రత ఘన సెంటీమీటరుకు సుమారు 0.8 గ్రాములు. అప్పుడే కలిపిన పిండిముద్దది 1.1కు అటూ ఇటూ. దాన్ని అలాగే వేస్తే మూకుడు అడుగున కూర్చుంటుంది. ఈస్ట్ పనిచేసి ముద్ద రెండింతలు పొంగితే సాంద్రత 0.55కు దిగుతుంది. తేలుతుంది, నిజమే, కానీ 0.55ను 0.8తో భాగిస్తే దాదాపు 0.7 వస్తుంది. అంటే పదింట ఏడువంతులు కొవ్వులోనే ఉంటుంది. తిరగేస్తే రెండోవైపూ అంతే. నడుము రెండుసార్లూ మునిగి, అన్నిటికంటే ఎక్కువ ఎర్రబడుతుంది. అదే ముద్ద మూడింతలయితే సాంద్రత 0.37, మునిగేది 0.46 వంతు. సగానికి కాస్త లోపు. అప్పుడు ఏ వైపు వేసినా నడుము దగ్గర ఒక సన్నని వలయం కొవ్వును తాకకుండా మిగిలిపోతుంది. అక్కడ పిండిలో తడి ఉన్నంతసేపు వేడి 100 డిగ్రీలు దాటదు. వేపుళ్లకు ఎరుపునూ కమ్మని వాసననూ ఇచ్చే మెయిలార్డ్ చర్య 140 దగ్గర గానీ జోరందుకోదు. అందుకే ఆ వలయం తెల్లగా ఉండిపోతుంది. పట్టీ ఎంత వెడల్పుగా ఉంటే ఫాంక్ అంత గుల్ల అన్నమాట. కోసి చూడనక్కర్లేదు.

ఈ మూడింతలూ గిన్నెలోనే పూర్తికావు. మిగతా పొంగు మూకుడులో వస్తుంది. వంటింటి వెచ్చదనం నుంచి 100 డిగ్రీలకు పోయేసరికి బుడగల్లోని వాయువు దానంతటదే పావువంతు వ్యాకోచిస్తుంది. దానికి తోడు పిండి తడిలో కరిగివున్న కార్బన్ డయాక్సైడ్ బయటికి వస్తుంది, నీళ్లు ఆవిరవుతాయి. ఈస్ట్ 60 డిగ్రీల లోపే చచ్చిపోతుంది, కాబట్టి ఈ ఆఖరి పొంగులో దాని చేయి తక్కువే. హంగేరియన్ వంటగత్తెలు పాటించే పద్ధతులన్నీ ఈ కొద్దిసేపటి కోసమే. పొంగేటప్పుడు పైకి ఉన్న వైపును కిందికి తిప్పి కొవ్వులో వేస్తారు, వెంటనే మూత పెడతారు. మూత కింద ఆవిరి నిలిచి, బయటికున్న వైపు ఎండకుండా మెత్తగా సాగుతుంది. తిరగేశాక మూత తీసేస్తారు, ఇక సాగాల్సింది సాగిపోయింది గనక. వేసేముందు నడుమ వేలితో గుంట నొక్కడానికి కారణం మన గారెకు చిల్లు పెట్టడానికి కారణమే: అంచు మాడేలోగా మధ్యలో పచ్చి మిగలకూడదు. జామ్‌కు చోటు దొరకడం కొసరు లాభం. పిండిలో అరకిలోకు మూడు నాలుగు పచ్చసొనలు పడేదీ రుచి కోసమే కాదు. సొనలోని లెసిథిన్, కొవ్వు కలిసి ముద్దను మెత్తబరుస్తాయి, తెగకుండా సాగనిస్తాయి. ఒక చెంచా రమ్ము పోస్తే ముద్ద కొవ్వు పీల్చదని పాతమాట ఒకటుంది. దాన్ని నేను అంతగా నమ్మను. వేపుడు నూనె పీల్చేది ఎక్కువగా బయటికి తీశాక, లోపలి ఆవిరి చల్లబడి పైనున్న జిడ్డును లోపలికి లాగినప్పుడు. అప్పటికి ఆ చెంచాడు రమ్ములో మిగిలేది వాసనే.

కొవ్వు తక్కువ పోసి, ముద్ద సగమే మునిగేలా చేస్తే పట్టీ రాదా అని ఎవరైనా అడగొచ్చు. వస్తుంది, కానీ ముద్ద తేలదు, మూకుడు అడుగును ఆనుకుంటుంది. ఆనినచోట చదునుగా, మచ్చలుగా మాడుతుంది. ఆ దొంగతనం చూసేవాళ్లకు ఇట్టే పట్టుబడుతుంది. స్వేచ్ఛగా తేలాలంటే ముద్ద కింద కొవ్వు ఇంకా మిగిలి ఉండాలి. అంటే నాలుగైదు సెంటీమీటర్ల లోతు. అసలు సంగతి ఈ లోతులోనే ఉంది.

ఫాంక్ కాలాన్ని హంగరీలో ఫర్షంగ్ అంటారు. జనవరి 6న, ముగ్గురు రాజుల పండుగతో మొదలై, ఈస్టర్ ముందరి ఉపవాసాలు ఆరంభమయ్యే విభూది బుధవారం ముందురోజుతో ముగుస్తుంది. ఈస్టర్ ఏటా కదులుతుంది కాబట్టి ఇది ఒక ఏడు నాలుగు వారాలే, మరో ఏడు తొమ్మిది వారాలు. దక్షిణాన మొహాచ్ పట్నంలో ఉన్ని తోళ్లు, కొయ్య ముఖాలు తొడుక్కున్న ‘బుషో’లు చలిని తరమడానికి వీధులకెక్కేదీ ఈ కాలం చివర్లోనే. 2009లో యునెస్కో ఆ వేడుకను తన జాబితాలో చేర్చింది. ఫర్షంగ్ చివరి మంగళవారాన్ని ‘మాంసం వదిలే మంగళవారం’ అంటారు. పాతరోజుల్లో మర్నాటి నుంచి మాంసమే కాదు, గుడ్లూ పాలూ జంతువుల కొవ్వూ ఉపవాసానికి నిషిద్ధమే. అందువల్ల ఉన్నవాటిని వాడి ఖాళీ చేయడానికి ఫాంక్ పుట్టిందని తరచుగా రాస్తారు. తేదీ వరకు ఆ మాట సరే. ఆకారానికి మాత్రం అది చాలదు. అదే మంగళవారం, అవే గుడ్లు, అదే కొవ్వు ఉన్న ఇంగ్లండులో పల్చటి పాన్‌కేకులు పోస్తారు. పెనం మీద ఒక చెంచాడు కొవ్వుతో పని అయిపోతుంది. ఖాళీ చేయడమే ఉద్దేశమైతే హంగరీలోనూ అట్లే చాలు. కుండెడు కొవ్వు కాచి అందులో ముద్దలు తేలించడం పొదుపు చేసేవాళ్ల పనికాదు, కలిగినప్పుడు చేసే పని.

ఆ కలిమి కూడా ఫర్షంగ్ రోజుల్లోనే. ఫ్రిజ్ లేని కాలంలో పందిని కోసేది చలి ముదిరాక, నవంబరు చివరి నుంచి ఫర్షంగ్ దాకా. కొవ్వు కరిగించి కుండలకెత్తితే అదే ఏడాదికంతా వంటనూనె. 1830ల్లో రూపుదిద్దుకున్న మంగలిత్స జాతి పందిని, ఆ ఉంగరాల బొచ్చుదాన్ని, పెంచిందే కొవ్వు కోసం. ఏడాదిలో కొవ్వు కుండ నిండుగా ఉండేది ఈ కొన్ని వారాలే. కాబట్టి ఫాంక్ నడుముకున్న తెల్లపట్టీ రెండు సంగతులు చెప్పేది: పిండి పొంగింది, ఇంట్లో కొవ్వు లోతుగా ఉంది. 1690లో వియన్నాలో క్రాఫ్ అనే రొట్టెలావిడ కోపంతో విసిరిన ముద్ద కాగే కొవ్వులో పడి ఈ వంట పుట్టిందని కథ చెబుతారు. వినడానికి బాగుంది. కాకపోతే ఇలాంటి వంటకు ‘క్రాఫెన్’ అన్న మాట జర్మన్‌లో అంతకు ఎన్నో శతాబ్దాల ముందే ఉంది.

హంగరీలో అన్ని ఫాంక్‌లకూ పట్టీ ఉండదు కదా అంటే, ఉండదు. చొరొగె ఫాంక్ అని ఒకటుంది. ఈస్ట్ లేకుండా పచ్చసొన, పుల్లటి మీగడతో కలిపి, పల్చగా ఒత్తి, చీల్చి మెలిపెట్టి వేయిస్తారు. అది పూరీలా ఆవిరితో బుడగలెత్తి కరకరలాడుతుంది. ‘పార్లమెంటు సభ్యుడి ఫాంక్’ అని పిలిచే క్రీము ఉండనైతే వేయించరు, ఓవెన్‌లో కాలుస్తారు. సభ్యుడి పేరు దానికెందుకో చదువరులే ఊహించుకోవచ్చు. నా వాదన వీటికి వర్తించదు. అది పట్టీ ఉన్నదాని గురించే.

ఇంతకన్నా గట్టి ఆక్షేపణ ఈనాటిది. ఇప్పుడు పొద్దుతిరుగుడు నూనె ఏడాది పొడుగునా దొరుకుతుంది. కార్ఖానాల్లో వెచ్చదనం, తేమ లెక్కప్రకారం ఉంచిన గదుల్లో ముద్దలు పొంగుతాయి. పట్టీ ప్రతిదానికీ పడుతుంది, జూలైలో కూడా. మరి ఆ గుర్తుకు విలువేముంది? పట్టీ చెప్పే రెండు మాటల్లో కొవ్వు గురించిన మాట నిజంగానే పాతబడింది. సాంద్రత గురించిన మాట పాతబడలేదు. 0.8లో సగం ఇవాళా 0.4యే, యంత్రానికైనా మనిషికైనా. తప్పిపోతుందేమోనన్న భయం మాత్రం ఇళ్లలోనే మిగిలింది. జనవరి వంటింట్లో తలుపు సందు నుంచి చలిగాలి సోకితే ఈస్ట్ మందగిస్తుంది, ముద్ద పైపొర ఎండి బిరుసెక్కుతుంది, లోపలి వాయువు ఎంత నెట్టినా అది సాగదు. ముద్ద పొంగుతున్నప్పుడు గాలి తగలనివ్వొద్దని పెద్దవాళ్లు చెప్పే మాట చాదస్తంలా వినిపిస్తుంది. గిన్నె మీద గుడ్డ కప్పి, పిల్లల్ని బయటికి తోలి, చివరి ముద్ద కొవ్వులో పడేదాకా ఆ తలుపు తీయనివ్వరు.