కుట్టుమిషను కథ

విరుదునగర్ జిల్లాలో రాజపాళయానికి దగ్గరనున్న తళవాయిపురం నైటీల తయారీకి పేరు పొందిన ఊరు. అక్కడ ఎందరికో కుట్టుమిషనే జీవనాధారం. యంత్రం మనిషికి అన్నం పెడుతుందా, లేక ఉన్న అన్నం లాక్కుంటుందా అనే వాదంలో ఈ కుట్టుమిషనుకు ఒక ప్రత్యేక స్థానం ఉంది.

1924లో ఢిల్లీలో రామచంద్రన్ అనే విద్యార్థి, యంత్రాలన్నిటినీ వ్యతిరేకిస్తారా అని గాంధీజీని అడిగాడు. రాట్నం కూడా యంత్రమే కదా, తాను కాదనేది యంత్ర వ్యామోహాన్నే అని గాంధీజీ చెప్పారు. శ్రమ తగ్గించే పేరుతో వేలమందిని పని లేకుండా వీధిన పడవేయటం, కొద్దిమంది చేతిలో ధనం పోగుపడటం ఆయనకు నచ్చలేదు. సింగర్ కుట్టుమిషనును మాత్రం ఆయన మెచ్చుకొన్నారు. భార్య పడే శ్రమ చూడలేక సింగర్ దానిని తయారు చేశాడని చెప్పారు.

రామచంద్రన్ అంతటితో ఊరుకోలేదు. మరి కుట్టుమిషన్లు చేయటానికి పెద్ద ఫ్యాక్టరీ కావాలి కదా అన్నాడు. అసలు చిక్కు ఇక్కడే ఉంది. కావాలి, కాని అది ప్రభుత్వం చేతిలో ఉండాలి, లాభం కోసం కాక ప్రజల మేలు కోసం నడవాలి అని గాంధీజీ జవాబిచ్చారు. ప్రభుత్వం చేతిలో ఉన్నంత మాత్రాన ఫ్యాక్టరీ మేలే చేస్తుందా? పెట్టుబడిని సమర్థించేవారు ఒప్పుకోరు. 1936లో పి.ఎ.సి. రామస్వామి రాజా స్థాపించిన రాజపాళయం మిల్లు ప్రైవేటు పెట్టుబడితో వచ్చినదే. అది ఈ ప్రాంతంలో ఎన్నో కుటుంబాలకు కూలి ఇచ్చింది. ఆ వాదాన్నీ తోసిపుచ్చలేము.

ఈ చర్చకు ప్రకృతిని కూడా చేర్చినవారు జె.సి. కుమారప్ప. తంజావూరులో 1892లో పుట్టి, లండనులోను అమెరికాలోను చదివిన ఈయన చివరి రోజులలో మదురై-రాజపాళయం దారిలోని టి. కల్లుపట్టిలో ఉన్నారు. సంపద రెండు రకాలని 1945లో వెలువడిన తన గ్రంథంలో వివరించారు. బొగ్గు, పెట్రోలు, ఇనుము గాదెలోని ధాన్యం వంటివి, తీసినకొద్దీ తరుగుతాయి. పారే నీరు, పెరిగే చెట్టు ఏటి ప్రవాహం వంటివి. గాదెను నమ్ముకొన్న దేశాలు దాని కోసం యుద్ధాలకు దిగుతాయని కుమారప్ప హెచ్చరించారు.

కాలితో తొక్కే మిషనుకు నేడు మోటారు వచ్చింది. తూత్తుకుడిలో బొగ్గు కాల్చి కరెంటు తీస్తారు. ముప్పందల్‌లో గాలిమరలు తిప్పి తీస్తారు. కుమారప్ప లెక్కలో మొదటిది గాదె, రెండవది ప్రవాహం. అయితే గాలిమర చేయటానికి ఇనుము కావాలి. ఇనుము మళ్ళీ గాదెలోనిదే.